యాష్‌బర్న్‌లో పాత రైలు కట్ట మీద వాకింగ్: మోకాలి నొప్పి ఉన్న నాన్నకు పనికొస్తుందా?

ఎంవీపీ_పదో_సెక్టార్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో అమ్మానాన్న అక్క దగ్గరికి వెళ్తున్నారు, ఆరు నెలలుంటారు. అక్కవాళ్లుండేది వర్జీనియాలోని యాష్‌బర్న్. నాన్నకు 69 ఏళ్లు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అప్పటి నుంచి తెల్లవారుజామున ఐదింటికల్లా వైజాగ్ బీచ్ రోడ్డులో ఉంటారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి వుడా పార్కు దాకా వెళ్లి, వెనక్కొస్తూ రాగి జావ తాగి, నలుగురితో రాజకీయాలు మాట్లాడుకుని ఇంటికొస్తారు. వాన పడుతున్నా మానరు. రెండేళ్ల క్రితం కుడి మోకాలు అరిగిందని తేలింది. "నడక ఆపొద్దు, మెట్లు, ఎత్తులు మాత్రం వద్దు" అన్నారు డాక్టరు. అప్పటి నుంచి కైలాసగిరి మెట్ల జోలికి వెళ్లడం లేదు.

అక్కడికెళ్తే నడక ఎలా అన్నదే ఆయన టెన్షన్. ఇంటికి దగ్గర్లోనే డబ్ల్యూ అండ్ ఓడీ (వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్) అని ఒక ట్రెయిల్, అంటే నడకదారి, ఉందని, పాత రైల్వే లైను పట్టాలు పీకేసి తారు వేశారని అక్క ఫోన్లో చెప్పింది. చెప్పడమే తప్పయింది. "రైలు కట్ట మీద నడవడానికి అమెరికా దాకా ఎందుకు, మర్రిపాలెంలో లేదా?" అని మొదలుపెట్టారు. ఆయన దృష్టిలో రైలు కట్ట అంటే కాలికింద జారే కంకర, పక్కన తుమ్మ కంప, పొద్దున్నే చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు. ఫొటోలు పంపినా నమ్మలేదు, "ఫొటోకి బాగున్న చోటే తీస్తారు" అంటున్నారు.

అక్కేమో రోజూ ఆఫీసు. వీళ్లిద్దరూ వాళ్లంతట వాళ్లే వెళ్లి రావాలి. అక్కడ వాలు ఎలా ఉంటుంది? సైకిళ్లు గట్టిగా తిరుగుతాయట, పెద్దవాళ్లకు ఇబ్బందేనా? అక్కడ ఉండొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఉక్కునగరం_కోడలు:

మేం నాలుగేళ్లు రెస్టన్‌లో ఉన్నాం, ఆ ట్రెయిల్ మా ఇంటి వెనకే. బాగుంటుంది, భయం లేకుండా పంపండి. రెండు మూడు విషయాలు మాత్రం చూసుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి ఉక్కపోత మన వైజాగ్‌కి తీసిపోదు, పైగా సముద్రం గాలి ఉండదు. కొన్ని చోట్ల చెట్ల నీడే ఉండదు, ఎందుకంటే పైన హైటెన్షన్ తీగలుంటాయి. పదింటికల్లా ఇంట్లో ఉండాలి. టాయిలెట్లు ఎక్కడ పడితే అక్కడ దొరకవు, పార్కో, కమ్యూనిటీ సెంటరో ఉన్న దగ్గర చూసుకోవాలి. మొదటి ఆదివారమే మీ అక్క వెంట వెళ్లి చూపిస్తే సరిపోతుంది.

ఇంకోటి, ఇది ముఖ్యం. పక్కన పొడుగ్గా పెరిగిన గడ్డిలోకి దిగొద్దు. జింకలు తిరిగే చోటు, మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివే ఉంటాయి, కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. ఇంటికొచ్చాక మడమలు, మోకాళ్ల వెనక ఒకసారి చూసుకోవాలి. మా మామగారికి చీలమండ దగ్గర ఒకటి పట్టుకుంటే ఆయన పుట్టుమచ్చ అనుకున్నారు!

పాత_పీడబ్ల్యూఐ:

అమ్మా, మీ నాన్నగారి మాట చదివి నవ్వాపుకోలేకపోయాను. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ కంకర మీద, ఆ తుమ్మ కంపల పక్కనే నేను 34 ఏళ్లు నడిచాను, వాల్తేరు డివిజన్‌లో. పట్టాలు, స్లీపర్లు, కట్టలు చూసుకునే ఉద్యోగం. మేం చేరినప్పుడు పీడబ్ల్యూఐ, అంటే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్, అనేవారు, తర్వాత పేర్లు మార్చారు, గ్యాంగు వాళ్ల నోట్లో మాత్రం చివరిదాకా అదే ఉండిపోయింది. నిరుడు మా అమ్మాయి దగ్గర ఐదు నెలలున్నాను, యాష్‌బర్న్ పక్కనే ఉన్న స్టెర్లింగ్‌లో. ఉన్నన్నాళ్లూ రోజూ నడిచింది మీరు చెప్పే ట్రెయిల్ మీదే. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తాను, విసుక్కోకండి.

ముందు మోకాలి సంగతి. రైలు చక్రం ఇనుము, పట్టా ఇనుము. రెంటి మధ్య పట్టు చాలా తక్కువ, అందుకే రైలుకు ఎత్తు ఎక్కడమంటే చచ్చే చావు. వంద అడుగులు ముందుకెళ్తే ఒక్క అడుగు లేచే వాలును మేం 1 ఇన్ 100 అంటాం. కేకే (కొత్తవలస-కిరండూల్) లైన్లో అరకు వైపు ఘాట్ మీద 1 ఇన్ 60 ఉంటుంది. అక్కడ గూడ్సు ఎక్కించాలంటే ఇంజన్లు జత చేయాల్సిందే, మా ట్రాక్ మీద పడే బాధ వేరే చెప్పక్కర్లేదు. అంత వాలు కూడా మనిషి కాలికి సరిగ్గా తెలియదు. ఆస్పత్రిలో వీల్‌చెయిర్ కోసం కట్టే ర్యాంపు 1 ఇన్ 12 అయితే, మీరే లెక్కేసుకోండి. లైను వేసినవాళ్లు రైలు కోసం ఎత్తున్న చోట తవ్వారు, పల్లమున్న చోట మట్టి పోశారు. రైలు పోయింది, ఆ మట్టి పని మిగిలింది. మీ నాన్నగారి మోకాలికి దక్కేది అదే. నడుస్తుంటే ఒకచోట రెండు పక్కలా గట్టు లేచి కనిపిస్తుంది, అది కట్టింగ్. ఇంకాస్త దూరం పోతే పక్క కాలనీ మన కాళ్ల కంటే కిందికి ఉంటుంది, అది కట్ట. మనం మాత్రం పైకీ ఎక్కలేదు, కిందికీ దిగలేదు.

అంటే వాలే లేదని కాదు. కంటికి కనపడదు, అంతే. నాకెలా తెలిసిందంటే, నాకు పుష్ ట్రాలీ అలవాటు. పట్టాల మీద నాలుగు చక్రాల బల్ల, వెనక ట్రాలీమన్లు తోస్తూ పరిగెత్తి ఎక్కుతారు, పైన కూర్చుని ట్రాక్ చూసుకుంటూ వెళ్తాం. ఎవరూ తోయకుండా ట్రాలీ దానంతట అది కదిలిందంటే అక్కడ వాలుందన్నమాట, పుస్తకంలో చూడక్కర్లేదు. స్టేషన్ యార్డులో 1 ఇన్ 400 కంటే ఎక్కువ వాలు ఉండకూడదని మా రూలు, లేదంటే నిలబెట్టిన బోగీలు వాటంతట అవే బయల్దేరతాయి. ఇక అక్కడ నా చేతికి వచ్చింది మనవణ్ణి కూర్చోబెట్టి తోసే స్ట్రోలర్. స్టెర్లింగ్ నుంచి బ్రాడ్ రన్ అనే వాగు వంతెన వైపు వెళ్తుంటే చేతికి బరువు తగ్గినట్టనిపించింది. చుట్టూ చూస్తే టేబుల్ లాగా చదునుగా ఉంది. సరే చూద్దామని చేతులు వదిలాను. రెండు సెకన్లు ఆగింది, తర్వాత మెల్లగా కదిలింది, మనవడు చప్పట్లు కొడుతున్నాడు. నేను పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెడుతున్నాను. అప్పుడు వెనక నుంచి మా అమ్మాయి వేసిన కేక బ్రాడ్ రన్ అవతలికి కూడా వినిపించి ఉంటుంది. ఆ తర్వాత వారం రోజులు స్ట్రోలర్ నా చేతికివ్వలేదు.

కాబట్టి మీ నాన్నగారికి ఒక మాట చెప్పండి. యాష్‌బర్న్‌కి తూర్పున బ్రాడ్ రన్, పడమర గూస్ క్రీక్. ఏ వైపు వెళ్లినా పోయేది వాగు వైపే. వెళ్లేటప్పుడు హాయిగా ఉంటుంది, ఇంకో మైలు, ఇంకో మైలు అనిపిస్తుంది. వాలు తెలిసేది వెనక్కి తిరిగాకే. ఓపికలో సగం కాదు, మూడో వంతు అయ్యేసరికే వెనక్కి తిరగమనండి.

దారి పదడుగుల వెడల్పుంటుంది, మొత్తం తారే. మన ఫుట్‌పాత్‌ల మీద టైలు లేచిపోయి కాలు తట్టుకున్నట్టు ఉండదు. వియన్నా ఊరి నుంచి చివరి పర్సెల్‌విల్ దాకా 32 మైళ్లు పక్కనే గుర్రాల కోసం ఇంకో మట్టి దారి ఉంది. మెత్తగా ఉంది కదా, మోకాలికి మంచిదని నేను రెండ్రోజులు దాని మీద నడిచాను. అది మాత్రం కట్ట మీద పోదు, నేల ఎలా ఉంటే అలా ఎక్కుతుంది, దిగుతుంది. మూడో రోజు మోకాలే చెప్పింది, తారు మీదికి రమ్మని.

ఇప్పుడు అసలు గండం సైకిళ్లు. అక్కడ కుడి పక్కన నడవాలి, దాటేవాళ్లు మన ఎడమ నుంచి దాటుతారు. దాటే ముందు గంట కొడతారు, లేదా "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తారు. "మీ ఎడమ వైపు నుంచి వస్తున్నాను, కదలొద్దు" అని దానర్థం. నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్లిన రెండో రోజు, ఆలోచనలో నడుస్తుంటే వెనక నుంచి ఆ మాట వినిపించింది. చెవికి పట్టింది "లెఫ్ట్" ఒక్కటే. పైగా ఈల వినపడగానే ట్రాక్ వదిలి పక్కకు గెంతడం నాకు 34 ఏళ్ల అలవాటు. ఎడమకు గెంతాను, సరిగ్గా సైకిలు ముందుకు. ఆవిడ హ్యాండిల్ తిప్పేసి గడ్డిలోకి పోయి పడింది. లేచి హెల్మెట్ తీస్తే తెల్లజుట్టు, నా ఈడే ఉంటుంది. మోచెయ్యి గీరుకుపోయింది. నేను పరిగెత్తి వాటర్ బాటిల్ తెచ్చిచ్చి ఏం చెప్పాలో తెలియక నిలబడితే, ఆవిడే నాకు సారీ చెప్పింది! ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మీ నాన్నగారికి విమానం ఎక్కే ముందే ఈ ఒక్క ముక్క పాఠం చెప్పించండి: మాట వినపడితే కుడి పక్కనే ఉండాలి, ఉన్నచోట ఉండాలి. ఫాల్స్ చర్చ్ ఊళ్లో నడిచేవాళ్లకు వేరు, సైకిళ్లకు వేరు దారులు వేశారు. యాష్‌బర్న్ వైపు మాత్రం అందరికీ ఒకటే.

రోడ్డు అడ్డం వచ్చిన చోట స్టాప్ బోర్డు మన వైపు కూడా ఉంటుంది. నాకు అదొక వింత. పాత రోజుల్లో అదే చోట గేటు వేసి బండ్లను ఆపి రైలును వదిలేవారు కదా, ఇప్పుడు ఆ లైను మీదున్న మనమే ఆగి అటూ ఇటూ చూసుకోవాలి. ప్రతి అర మైలుకూ గుర్తు ఉంటుంది, మా కిలోమీటరు రాళ్లలాగే. యాష్‌బర్న్ 27, 28 మైళ్ల మధ్య వస్తుంది. ఆ నంబరు చెప్తే చాలు, ఎక్కడున్నారో మీ అక్కకు ఆఫీసులో కూర్చునే తెలుస్తుంది.

మీ నాన్నగారు బ్యాంకు మనిషి కాబట్టి చెప్తున్నాను, ఆ లైనుది మొదటి నుంచీ నష్టాల కథే. పొటోమాక్ నది ఒడ్డున అలెగ్జాండ్రియా రేవు నుంచి కొండల అవతల హ్యాంప్‌షైర్ కౌంటీ బొగ్గు గనుల దాకా వేయాలని 1850లలో మొదలుపెట్టారు. 1860కి లీస్‌బర్గ్ చేరింది. వెంటనే వాళ్ల అంతర్యుద్ధం, ఉన్నది కూడా పాడైంది. తర్వాత కొంచెం కొంచెంగా పాక్కుంటూ 1900కి బ్లూమాంట్ అనే ఊరు చేరి, బ్లూ రిడ్జ్ కొండల కాళ్ల దగ్గరే ఆగిపోయింది. బొగ్గు మొహం చూడనేలేదు. చేతులు మారి, పేర్లు మారి, 1951లో ప్యాసింజర్ ఆగింది, 1968లో గూడ్సు కూడా ఆగింది. మనకు బైలడిల్లా ఇనప ఖనిజం రేవుకు దించడానికి కేకే లైను వచ్చిందీ ఆ 1960లలోనే. అక్కడ కొండ దాటలేక ఒకటి మూతపడుతుంటే, ఇక్కడ 58 సొరంగాలు తొలిచి ఒకటి తెరుచుకుంది.

మూసేశాక ఆ స్థలం కరెంటు కంపెనీ కొంది, అందుకే పైన ఆ తీగలు. వాన వెలిసిన పొద్దున వాటి కింద నిలబడితే జుయ్యిమని వినిపిస్తుంది, కంగారు పడొద్దని చెప్పండి. ఆ తర్వాత పార్కుల సంస్థ కంపెనీ నుంచి కొంది. 1974లో ఫాల్స్ చర్చ్ దగ్గర చిన్న ముక్కతో మొదలుపెట్టి, 1988కి పర్సెల్‌విల్ దాకా వేశారు. మొత్తం 45 మైళ్లు. పొడవు 45 మైళ్లు, వెడల్పు 100 అడుగులు, పేరుకు అదొక పార్కు! రైల్వే స్థలం ముక్కలు ముక్కలైపోకుండా మొత్తంగా ఒకరి చేతిలో ఉండబట్టే ఇది కుదిరింది. మధ్యలో నాలుగు ముక్కలు అమ్మేసి ఉంటే ఇవాళ అక్కడ షాపులుండేవి.

కారులో తీసుకెళ్లేవాళ్లుంటే రెండు చోట్లు చూపించమనండి. ఒకటి హెర్న్‌డన్, 20వ మైలు దగ్గర. పాత స్టేషన్ అలాగే ఉంచారు, పక్కన ఎర్ర రంగు వేసిన గార్డు బ్రేక్ వ్యాన్ ఉంటుంది. రెండోది లీస్‌బర్గ్ దాటాక క్లార్క్స్ గ్యాప్. అక్కడి దాకా నడవొద్దు, దారి మొత్తం మీద బాగా ఎక్కుడు అదే. అక్కడ ట్రెయిల్ ఒక పాత రాతి ఆర్చి కింద నుంచి వెళ్తుంది. నేను దాని కింద నిలబడి పైనుంచి కిందిదాకా రాళ్ల మధ్య ఎక్కడైనా బీట ఉందా, మొక్క మొలిచిందా అని చూశాను. వంతెన గోడలో రావి మొక్క కనపడితే నోట్ రాయకుండా ఏనాడూ ఇంటికెళ్లలేదు మరి. అల్లుడు ఫోటో తీద్దామని పిలుస్తూనే ఉన్నాడు. మొక్క లేదు.

సైకిల్_సీతమ్మధార:

అంకుల్, సూపర్. మరి మనకెందుకు లేదు ఇలాంటిది? పొద్దున్న బీచ్ రోడ్డులో బండ్లు ఆపినంతసేపే మా సైకిళ్ల రాజ్యం, తర్వాత బస్సుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. డేటా సెంటర్లలో వైజాగ్ ఇంకో యాష్‌బర్న్ అవుతుందంటున్నారు. ట్రెయిల్ కూడా తెచ్చి ఇస్తే బాగుండు. రైల్వేకి ఊళ్లో బోలెడు స్థలం ఉంది కదా, ఒక పాత లైను ఇచ్చేయొచ్చుగా?

పాత_పీడబ్ల్యూఐ:

బాబూ, ఇవ్వడానికి పాత లైను ఉండాలి కదా. వాళ్ల దగ్గర మూతపడే లైన్లు అన్నన్ని ఉన్నాయి కాబట్టే 1983లో చట్టం సవరించుకున్నారు. రైలు ఆగిన లైనును ట్రెయిల్‌గా వాడుకోవచ్చు, రేపెప్పుడైనా కావాలంటే మళ్లీ పట్టాలు వేసుకోవచ్చు, స్థలం మాత్రం చెదరకూడదు అని. మన దగ్గర కథ వేరు. ఉన్న పట్టాల మీదే బండ్లు క్యూ కడుతున్నాయి, మూడో లైను, నాలుగో లైను అంటున్నారు. చిన్న గేజి లైన్లను కూడా మనం వదల్లేదు, పెద్ద గేజి చేసుకున్నాం.

నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే చిన్న రైలు ఉండేది, రెండున్నర అడుగుల గేజి. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. 2004లో ఆపి, బ్రాడ్ గేజి వేసి, 2011లో మళ్లీ తెరిచారు. నేను కొన్నాళ్లు ఆ వైపు చేశాను. ట్రెయిల్ వేస్తే దేశం మొత్తం వచ్చి చూసేంత అందం ఆ దారిది, కాదనను. కానీ సంత రోజున ఆ రైల్లో ఎక్కే జనాన్ని చూసినవాణ్ణి, పట్టాలు పీకమని నా నోటితో నేను అనలేను. సైకిళ్లకు దారి అడగండి, గట్టిగా అడగండి. రోడ్డులోంచి అడగండి, రైల్లోంచి వద్దు.

ఎంవీపీ_పదో_సెక్టార్:

బాబాయ్‌గారూ, ఎంత ఓపికగా రాశారండీ! ఉక్కునగరం అక్కా, మీకు కూడా థాంక్స్, పిడుదుల సంగతి అమ్మకు చెప్పాను. ఇప్పుడు నడక కంటే దానికే ఎక్కువ భయపడుతోంది.

మీ రిప్లై నాన్నకు చదివి వినిపించాను. స్ట్రోలర్ దాకా ఏమీ మాట్లాడలేదు. నౌపడా అనగానే ఫోన్ లాక్కుని ఆయనే చదువుకున్నారు. మాది టెక్కలి అండీ. పాతపట్నంలో మేనమామ పెళ్లికి ఆ చిన్న రైల్లో వెళ్తే, ఇంజను నిప్పురవ్వ పడి కొత్త టెరిలిన్ చొక్కాకి భుజం మీద చిల్లు పడిందట. పెళ్లంతా కండువా కప్పుకునే తిరిగానని ఇన్నేళ్లకు ఇవాళ చెప్పారు. మాకెవరికీ తెలియదు. మీరు ఆ వైపు ఏ సంవత్సరాల్లో చేశారో అడగమంటున్నారు, ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎవరైనా తేలతారేమోనని.

రైలు కట్ట మీద నడవనన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. పైగా ఇవాళ పొద్దున్న బీచ్ రోడ్డులో కుడి పక్కన నడవడం ప్రాక్టీసు మొదలుపెట్టారు. ఎదురుగా వచ్చే లాసన్స్‌బే వాకింగ్ బ్యాచ్‌తో అప్పుడే ఒక గొడవ అయింది.